రాయిని ఎత్తుకుపోయింది మటియా కాదు

మొన్న విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చే పాసింజరులో, మందిర్ హసౌద్ దాటిన కాసేపటికి, నా ఎదుటి సీటులో కూర్చున్న ఒకాయన తన కూతుర్ని కిటికీ దగ్గరికి జరుపుకొని బయటికి చెయ్యి చూపించాడు. పొలాల అవతల రెండు మొండిగోడలు, వాటి చుట్టూ రేగుపొదలు. అది పాతకాలపు దాఊ గారి బాడా అని చెప్పాడు. దాఊ అంటే ఆ ప్రాంతంలో భూస్వామి, బాడా అంటే ఆయన ఉండే పెద్ద లోగిలి. ఆ దాఊ దగ్గర ఒక మటియా ఉండేదట. మోకాలెత్తు భూతం. ఒక రైతు పొలానికి సాక్ష్యంగా ఉన్న రాయిని దాఊ ఆ మటియా చేత మాయం చేయించాడట.

"నెత్తిన రాయి పెట్టుకుని, ఎడమ కాలు కుంటుకుంటూ ఆ పొదల పక్కనుంచే పోయింది," అన్నాడాయన ఛత్తీస్‌గఢీలో.

"ఎందుకు కుంటింది?" అని పిల్ల అడిగింది.

"బరువు కదా మరి."

బరువు వల్ల కాదు. ఆ కథ మొట్టమొదట చెప్పిన రోజున నా ఎడమ పాదంలో రేగుముల్లు విరిగి ఉంది. అబద్ధం అల్లుతున్నప్పుడు చేతికి దొరికిందల్లా వాడేస్తాం కదా, నా కాలి నొప్పిని దానికి తగిలించాను. కథలో మిగతా భాగం కూడా నాదే. దాఊ ఆ రాయిని తీయించలేదు. తీయించినవాణ్ణి నేను. అప్పటికి నాకు పదకొండో పన్నెండో ఏళ్లు. ఇప్పుడు నా జుట్టు సగం తెల్లబడింది. మొన్నటిదాకా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న రైల్వేలో లైను ఇన్‌స్పెక్టరు. నలుగురు మనుషులు తోసే ట్రాలీ మీద తిరుగుతూ పట్టాలు, స్లీపర్లు, కల్వర్టులు చూసుకోవడం ఆయన పని. రాయపూర్ రైల్వే కాలనీలో మా వరసలో సగం ఇళ్లు విజయనగరం, శ్రీకాకుళం వాళ్లవే. ఆ లైనే మా వాళ్లని అంతదూరం తెచ్చి దింపింది. పొద్దున లేస్తే బొగ్గు పొగ, ఇంగువ పోపు కలిసిన వాసన. "ఒరే, నల్లా బంద్ అయిపోతాది, జల్దీ బాల్టీ పెట్టు" అని అమ్మ కేక. ఇంట్లో మా తెలుగు అలా ఉండేది. సెలవులకి విజయనగరం వెళితే పెదనాన్న పిల్లలు మమ్మల్ని మళ్లీ మళ్లీ మాట్లాడించి నవ్వేవాళ్లు.

నాన్న కచ్చితమైన మనిషి. ఒకసారి ఒక ట్రాలీ మనిషి ఏదో ఊళ్లో ఎవరో ఇచ్చారని గుమ్మడికాయ ట్రాలీలో పెట్టుకొస్తే, రెండు మైళ్లు వచ్చాక చూసి, వెనక్కి తోయించి ఆ కాయ ఇచ్చినవాళ్ల ఇంట్లో పెట్టించి వచ్చారు. సెలవు రోజుల్లో నన్ను ట్రాలీ ఎక్కించుకోవడం ఒక్కటే ఆయన చేసిన తప్పు పని. అది కూడా ఎవరైనా పై అధికారి వస్తున్నాడంటే మానేసేవారు.

అలా వెళ్లినప్పుడే నాకు నా ఈడు కుర్రాడొకడు పరిచయమయ్యాడు. లైను పక్కన గేదెలు మేపుతుండేవాడు. నాన్న నన్ను వాళ్ల ఊరి దగ్గర దింపి, ముందుకు వెళ్లి పని చూసుకుని, తిరుగుదారిలో ఎక్కించుకునేవారు. ఆ మూడు నాలుగు గంటలూ మావే. పట్టాల మీద మేకులు పెట్టి, రైలు చక్రాల కింద చదునైనవి ఏరి చాకులు చేసుకునేవాళ్లం. బాడా మొండిగోడలెక్కి రేగుపళ్లు తినేవాళ్లం. ఆకలేస్తే వాళ్లింటికి పోయేవాళ్లం. వాళ్లమ్మ కంచుగిన్నెలో బాసీ పెట్టేది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిరపకాయతో తినేది. మా అమ్మ పెట్టే చద్దన్నమే అది. "మీరూ బాసీ తింటారా?" అని వాళ్లమ్మ ఆశ్చర్యపోయింది. రైల్వే బాబుల ఇళ్లలో రోజూ పూరీలే వండుతారని ఆమె అనుకునేదట. ఆ ఇంట్లో ఎండిన ఇప్పపూల వాసన వచ్చేది, తియ్యగా, కొంచెం తల తిరిగేలా. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేను అక్కడ ఆగలేను.

ఆ ఇంటి పెద్ద వాడి తాత. అందరూ బబా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన పేరే కాదు, ఇందులో ఎవరి పేరూ రాయను. మా స్నేహితుడి పేరు పలకనని మాటిచ్చాను. ఒకరి పేరు దాచి మిగతావి రాయడం బాగుండదు. ఆ మాట సంగతి తరవాత చెబుతాను.

బాడా కథ మాకు చెప్పింది బబాయే. ఇప్పటి దాఊ వాళ్ల తాత మటియాని ఎక్కడినుంచో తెచ్చుకున్నాడట. అది రోజూ కుండెడు అన్నం తిని, రైతుల కళ్లాల్లోంచి ధాన్యం మోసుకొచ్చి దాఊ కొట్లో పోసేదట. రైతు నూర్చి పోగు పెడతాడు, తెల్లారేసరికి పోగు సగమయ్యేది. ఒక ఏడు దాఊ దానికి పెట్టే అన్నం తగ్గించాడు. అది కోపంతో కొట్టుకి నిప్పు పెట్టింది. బాడా అంతా అంటుకుంది. లోపల పసిపిల్లాడు ఉండిపోతే, బబా వాళ్ల తాత తడి గోనె కప్పుకుని లోపలికి దూరి ఆ పిల్లాణ్ణి బయటికి తెచ్చాడు.

నేను నోరు తెరుచుకుని విన్నాను. మటియా ఇంకా ఆ గోడల్లోనే ఉందా అని అడిగాను. బబా బీడీ ఆర్పి నా మొహంలోకి చూశాడు.

"మటియా ఎక్కడిది బాబూ? ఆ ధాన్యం మోసింది మేమే. మా నెత్తిన పెట్టుకుని, మా కాళ్లతో నడిచి, దాఊ కొట్లో పోసి వచ్చేవాళ్లం. పెళ్లానికి, పిల్లలకి అది చెప్పుకోవడానికి సిగ్గేసి మటియా అన్నారు మా పెద్దలు."

నిప్పు, పసిపిల్లాడు మాత్రం నిజమేనన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి ఆపేశాడు. ఆ ఆపేసింది ఏమిటో వానాకాలం దాకా నాకు తెలియలేదు. అంతకు ముందే ఆ వేసవిలో నేను చేయకూడని పని చేసేశాను.

మా క్వార్టర్ పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి సరైన బండ లేదు. ఇటుకల మీద సిమెంటు పూసి దిమ్మె కట్టారు. అది పెచ్చులూడి చీరలు చిరిగేవి. "మా ఊళ్లో నూతి దగ్గర బండ ఎలాగుండేదనుకున్నావు, అద్దంలా. ఇక్కడ ఉతికితే చీర, చిరిగితే గుడ్డపేలిక" అని అమ్మ రోజూ అనేది. బాడా కూలిన గుమ్మం దగ్గర, రేగుపొద పక్కన, ఒక పలక ఉండేది. మూడు జానల పొడవు, రెండు జానల వెడల్పు. పైన నున్నగా, చల్లగా. మేము దాని మీద కూర్చుని పళ్లు తినేవాళ్లం. అమ్మకి ఇది తీసుకెళ్లాలని నాకు తోచింది.

ఆ రోజు మా స్నేహితుడు వాళ్ల మేనమామ ఊరు వెళ్లాడు. నాన్న గ్యాంగుతో కలిసి ముందు కల్వర్టు దాకా నడిచి వెళ్లారు. ట్రాలీని పట్టాల మీంచి దించి పక్కన పెట్టారు. ఇద్దరు ట్రాలీ మనుషులు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు వాళ్లే. ఆ పలకని నాన్న తెమ్మన్నారని వాళ్లకి చెప్పాను. పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఏటి బాబూ, గుమ్మడికాయకే ఊరుకోని అయ్యగారు రాయి తెమ్మన్నారా?"

"అమ్మకి కావాలని చెప్పారు."

అమ్మ మాట ఎత్తేసరికి లేచారు. ఇద్దరూ చెరో పక్క పట్టి మోసుకొచ్చారు. నాన్న వచ్చి రాయిని చూడగానే, దాఊ గారే ఇచ్చారని చెప్పాను. నాన్న కాసేపు ఆలోచించారు. పెద్దమనిషి ఇచ్చింది వెనక్కి పంపితే తప్పుగా అనుకుంటాడేమోనని గొణిగి, ఈసారికి సరే అన్నారు. తరవాత ఒకరోజు రైల్వే గేటు దగ్గర దాఊ గారు కనబడితే నాన్న ట్రాలీ మీంచే నమస్కారం పెట్టారు. ఆయన బదులు పెట్టారు. వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. ట్రాలీ కదిలేదాకా నేను తల వంచుకుని స్లీపర్లు లెక్కపెట్టాను.

అమ్మ మాత్రం ఆ బండని చూసి మురిసిపోయింది. నాలుగు మూలలా ఇటుకలు పెట్టించి దాని మీద వేయించింది. పక్కింటి పిన్నిగారు కూడా వచ్చి తన దుప్పట్లు ఉతుక్కుని వెళ్లేవారు. రేగుపళ్ల కాలం కాదు కనక ఆ తరవాత మేమిద్దరం బాడా వైపు పోనేలేదు.

ఆషాఢంలో రథయాత్ర నాడు మేమిద్దరం మహాప్రసాద్ కట్టుకున్నాం. ఇది ఆ ప్రాంతపు ఆచారం. స్నేహితులిద్దరూ పెద్దల ముందు కూర్చుని, పూరీ జగన్నాథుడి ఎండు ప్రసాదం మెతుకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు. కొబ్బరికాయలు మార్చుకుంటారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. చచ్చేదాకా "మహాప్రసాద్" అనే పిలుచుకోవాలి. వాడి ఇల్లు నా ఇల్లు, వాడి తాత నా తాత. పెళ్లిళ్లలో, చావుల్లో అన్నదమ్ముడిలాగే నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యం, మహాప్రసాద్ చెప్పిన మాటని శంకించకూడదు. శంకిస్తే నోట్లో పెట్టుకున్న ప్రసాదాన్ని శంకించినట్టే.

మా ఇంట్లో ఆ మెతుకులకి కొదవ లేదు. నాన్నకి పాసు ఉండేది కాబట్టి ఏటా పూరీ వెళ్లి వచ్చేవాళ్లం. అమ్మ ఎండిన ప్రసాదం ఇత్తడి డబ్బాలో ఉంచి, పరీక్షలప్పుడు చిటికెడు మా నోట్లో వేసేది. మాకు అది అంతే. నేను అడిగితే కాగితంలో చుట్టి ఇచ్చి, "పిల్లలాట కదా, పోనీలే" అంది. వాళ్లకి అది ఆట కాదని మాకెవరికీ తెలియదు. వాళ్లింటి ముందు అలికి ముగ్గేశారు. ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. వాళ్లమ్మ నా కాళ్లు కడిగింది. నేను సిగ్గుపడి కాళ్లు లాక్కుంటే అందరూ నవ్వారు. బబా నవ్వలేదు. మా ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

నెల తిరక్కుండానే హరేలీ వచ్చింది. అక్కడి లెక్కలో శ్రావణ మాసపు, మన లెక్కలో ఆషాఢపు అమావాస్యకి రైతులు నాగళ్లు, కొడవళ్లు కడిగి పూజించే పండగ. గుమ్మాలకి వేపరెమ్మలు గుచ్చుతారు. పిల్లలు అడుగుమెట్లు కట్టిన వెదురు కర్రల మీద ఎక్కి బురదలో నడుస్తారు. నేను రెండడుగులు వేసి బురదలో పడ్డాను. బెల్లం అట్లు తిన్నాక బబా మా ఇద్దరినీ పిలిచి, చెంబుతో నీళ్లు, ఆకులో బియ్యప్పిండి పట్టుకుని బాడా వైపు నడిచాడు. ఆ వేసవిలో చెప్పబోయి ఆపిన మాట దారిలో చెప్పాడు.

పసిపిల్లాణ్ణి కాపాడినందుకు ఆనాటి దాఊ ఒక పొలం ఇచ్చాడు. శిస్తు లేదు, వెట్టి లేదు. కాగితం రాయలేదు. ఒక రాతి పలక మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి చెక్కించి, మంటల్లో కూలకుండా మిగిలిన బాడా గుమ్మంలో కట్టించాడు, అవి ఉన్నంత కాలం ఆ పొలం వాళ్లదని. గుమ్మం కూలినప్పుడు ఆ రాయి కిందపడింది. చెక్కడం వానకి అరిగిపోకూడదని బబా దాన్ని బోర్లా తిప్పి ఉంచాడు. ఏటా హరేలీ నాడు వచ్చి, తిరగేసి, కడిగి, పిండితో బొట్లు పెట్టి, మళ్లీ బోర్లా పెట్టి వెళతాడు. ఇంట్లో మగపిల్లలకి, అదీ కాస్త పెద్దయ్యాక తప్ప, ఎవరికీ చూపించడు; మా స్నేహితుడికీ అదే మొదటిసారి.

"ఇప్పుడు నువ్వూ ఇంటి పిల్లాడివే," అన్నాడు నాతో.

రేగుపొద దగ్గర ఆగాడు. పలక ఉండవలసిన చోట, సరిగ్గా పలకంత మేర, వాననీళ్లు నిలిచి ఉన్నాయి. బబా చెంబు కింద పెట్టి ఆ నీళ్లలో చెయ్యి పెట్టి వెతికాడు. మోచేతిదాకా బురదయింది. తరవాత చుట్టూ ఉన్న రాళ్లు ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాడు. మా స్నేహితుడూ తిరగేశాడు. నేనూ తిరగేశాను. అక్కడ లేదని తెలిసి, వాళ్లతో పాటు చీకటిపడే దాకా తిరగేశాను.

ఇంటికి వచ్చాక పెరట్లోకి వెళ్లాను. బండ పైన అమ్మ సబ్బు పెట్టి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, ఇటుకల మధ్య సందులోంచి చెయ్యి పోనిచ్చి అడుగున తడిమాను. గుండ్రంగా ఒక గీత. దాని చుట్టూ కిరణాలు. పక్కన కొడవలిలా వంగిన ఇంకో గీత. తిరగేసి చూడక్కర్లేకపోయింది.

నాన్నకి చెప్పి ఉంటే ఆ మర్నాడే ట్రాలీలో వేసి తీసుకెళ్లి ఇచ్చేసేవారు. ఆయన చేతులు జోడించి క్షమాపణ కూడా అడిగేవారు. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఆయన అడిగే మొదటి ప్రశ్న, దాఊ గారు ఇచ్చారని ఎందుకు చెప్పావని. ఆ తరవాత ఊళ్లో, మా మహాప్రసాద్ నా మొహం చూస్తాడు. ట్రాలీ పెద్దాయన్ని కదిపి చూశాను. ఆయన వణికిపోయాడు. "ఊరుకో బాబూ, అయ్యగారికి తెలిస్తే నా నౌకరీ ఊడిపోద్ది, పిల్లలున్నారు" అన్నాడు. ఆయన భయం నాకు సాకుగా పనికొచ్చింది. నేను ఎవర్నో కాపాడుతున్నానని కొన్నాళ్లు అనుకున్నాను కూడా.

ఆ ఏడే మాల్గుజారీలు రద్దయ్యాయి. ఊరి భూముల మీద దాఊల పెత్తనం పోయింది. దున్నుకునే రైతుకే హక్కు. కానీ దాఊ సొంతంగా సాగు చేసుకునే భూమి మాత్రం ఆయన కుటుంబానికే ఉంటుంది. బబా పొలం శిస్తు లేని పొలం, అందుకని ఆయన పేరు మీద ఒక్క రసీదు లేదు. కాగితాల్లో అది దాఊ సొంత సాగు కిందే ఉంది. కోతలయ్యాక ఒక అధికారి వచ్చి విచారణ చేస్తాడని ఊళ్లో చాటించారు.

విచారణకి ముందు ఆదివారం మా మహాప్రసాద్ నన్ను బాడా దగ్గరికి తీసుకెళ్లాడు. వాడు అప్పటికి చిక్కిపోయి ఉన్నాడు. తాతతో పాటు రోజూ గునపం పట్టుకుని రాళ్లు పెకలిస్తున్నాడట. తాత అన్నం సరిగా తినడం లేదట. ఊళ్లో కొందరు రాయి అనేదే లేదని, ముసలాడు కలగన్నాడని అంటున్నారట.

"మహాప్రసాద్, నువ్వు కూడా ఇక్కడ తిరిగావు కదా. ఎవరైనా తీసుకెళ్లడం చూశావా?"

చెప్పేస్తే అయిపోయేది. ఆ రోజు నేను ముల్లు గుచ్చుకుని కుంటుతున్నాను. నోట్లోంచి మటియా వచ్చింది. మోకాలెత్తు, నల్లగా, ఎడమ కాలు కుంటుతూ, నెత్తిన రాయి. ఇన్నాళ్లూ భయమేసి చెప్పలేదన్నాను. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తాతకి సాక్షి దొరికాడని వాడికి సంతోషం.

విచారణ దాఊ గారింటి అరుగు మీద జరిగింది. ఆ రోజు బడికి సెలవు. నాన్న నన్ను దింపి మందిర్ హసౌద్ వైపు వెళ్లిపోయారు. అధికారి కుర్చీలో, దాఊ గారు నులక మంచం మీద, ఆయన తమ్ముళ్ల కొడుకులు గోడకానుకుని. ఇక్కడ దాఊ గురించి ఉన్నదున్నట్టు రాయాలి. బబా తన మాట చెప్పుకోగానే ఆయన అడ్డు చెప్పలేదు. తన చిన్నప్పుడు ఆ రాయిని గుమ్మంలో చూశానని, మంటల్లోంచి తెచ్చిన పసిపిల్లాడు తన తండ్రేనని ఒప్పుకున్నాడు. "నేనొక్కణ్ణే అయితే ఇప్పుడే వేలిముద్ర వేస్తాను. వీళ్లకీ వాటా ఉంది. వీళ్లు చూడలేదు. రాయి తెచ్చి చూపించు, వీళ్ల చేతా ఒప్పిస్తాను" అన్నాడు.

బబా చేతులు జోడించి, రాయి పోయిందన్నాడు. అప్పుడు జనంలోంచి ఎవరో, ఈ రైల్వే కుర్రాడు మటియాని చూశాడని అరిచారు. నన్ను ముందుకు తోశారు. దాఊ తమ్ముడి కొడుకు ఒకడు నవ్వి, "అయితే సాహెబ్, మటియాకి సమను పంపండి. వచ్చి సాక్ష్యం చెబుతుంది" అన్నాడు. అరుగంతా నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. అంతవరకూ శ్రద్ధగా రాసుకుంటున్న మనిషి కలం పక్కన పెట్టి నవ్వాడు.

బబా నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అడిగాడు.

"నువ్వు చూశావా, బాబూ?"

ఆయనకి మటియా లేదని తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. పక్కనే మా మహాప్రసాద్ నిలబడి నన్నే చూస్తున్నాడు.

"చూశాను," అన్నాను.

బబా నడుం నిటారుగా చేసి అధికారి వైపు తిరిగాడు.

"మా మనవడి మహాప్రసాద్ అబద్ధమాడడు, సాహెబ్. చూశాడంటే చూసినట్టే. రాయండి."

పొలం కోసం పోట్లాడాలంటే ఆయన నన్ను అబద్ధీకుణ్ణి చేయాలి. ఆ పని చేయలేదు. తన పొలం పోయే మాటని తనే రాయించాడు.

ఆ పొలంలో మరుసటి కారు దాఊ తమ్ముళ్ల కొడుకులు దున్నారు. బబా కొడుకు ఖరగ్‌పూర్ వైపు కూలిపని చూసుకున్నాడు. ఇల్లంతా బయలుదేరింది. రైలెక్కే రోజు వాళ్లు మా ఇంటికి వచ్చారు. అమ్మ అన్నం వండింది. లోపలికి రమ్మంటే బబా రాలేదు. కాళ్లకి దుమ్ముందని పెరట్లోనే కూర్చున్నాడు, ఆ బండ మీద. పులిహోర, పెరుగన్నం అక్కడే తిన్నాడు. అమ్మ పోసిన నీళ్లతో చెయ్యి కడుక్కుంటే ఆ నీళ్లు బండ మీంచి కారి కింద పడ్డాయి. లేవడానికి రెండు చేతులతో బండ అంచు పట్టుకున్నాడు. వేళ్లు అంచు కిందికి వెళ్లాయి. అలాగే ఉండిపోయాడు. కాళ్ల నొప్పులనుకుని అమ్మ చెయ్యి అందించబోయింది. ఆయన వద్దన్నట్టు తల ఊపి, తనే లేచాడు.

"బాగా చదువుకో, మహాప్రసాద్," అన్నాడు. అంతకు ముందు ఆయన నన్నెప్పుడూ బాబూ అనే పిలిచేవాడు.

ఆయన వేళ్లకి ఏం తగిలిందో నాకు తెలియదు. ఎన్ని రాత్రులు ఆలోచించినా తెలియదు. స్టేషన్లో మా స్నేహితుడు కిటికీలోంచి "సీతారామ్, మహాప్రసాద్" అన్నాడు. నేనూ అన్నాను. ఆ తరవాత ఉత్తరం లేదు, కబురు లేదు. పెద్దయ్యాక ఖరగ్‌పూర్ రెండుసార్లు వెళ్లి వెతికాను. దొరకలేదు. నాన్నకి బదిలీ అయినప్పుడు బండ అక్కడే ఉండిపోయింది. ఆ క్వార్టర్లు పడగొట్టి కొత్తవి కట్టేశారు.

మొన్న రైలు దిగిన మర్నాడు పొద్దున్నే ఆ ఊరికి వెళ్లాను. కిరాణా కొట్టు ముందు కూర్చున్న అయిదారుగురికి అంతా చెప్పాను. మర్యాదగా విన్నారు. టీ తెప్పించారు. ఒక ముసలావిడ, "నువ్వప్పుడు చిన్నపిల్లాడివి బాబూ, నీకేం తెలుసు. మా అత్త కళ్లారా చూసింది మటియాని" అంది. ఇంకొకతను, రాయీ లేదు మటియా లేదు, దాఊ గారి పొలం కాజేయడానికి ఆ ముసలాయన చెప్పిన కట్టుకథ అన్నాడు. పోనీ ఆ రాయి ఉంటే చూపించండన్నాడు. ఆ ఊళ్లో రెండు కథలున్నాయి. ఒక దాంట్లో దాఊ దొంగ, ఇంకో దాంట్లో బబా అబద్ధీకుడు. రెండింటిలోనూ నేను లేను.

లేచి పొలానికి వెళ్లాను. దారి ఇంకా గుర్తుంది. కోతలయిపోయి మొదళ్లు మాత్రం ఉన్నాయి. గట్టు చెక్కుతున్న మనిషిని ఇది ఎవరి పొలమని అడిగాను. ఏదో పేరు చెప్పాడు. కాదన్నాను. తగువుకి వచ్చాననుకున్నాడు కాబోలు, పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆగి, ఆ రోజు అరుగు మీద చెప్పవలసిన మాటలు మొదటినుంచి చివరిదాకా గట్టిగా చెప్పాను. వినడానికి ఎవరూ లేరు.